గణిత మేల నేర్వవలెను?

పాఠశాలలో బోధింపబడు శాస్త్రములలో గణితమునకు కలిగినంత గౌరవమును, దానికి వచ్చినంత అపకీర్తియు మఱియొక దానికి లేవు. "లెక్కలు వచ్చినవాడు తెలివిగలవాడు" అని పెద్దలు మెచ్చుకొందురు. ఆ పెద్దలే తమ బాల్యమును తలచుకొని, "మాకు లెక్కలన్న భయము" అని నవ్వుచు చెప్పుకొందురు. చదువను వ్రాయను రాదని చెప్పుటకు సిగ్గుపడువారు సయితము లెక్కలు రావని చెప్పుటకు సిగ్గుపడరు.

బీజగణితము బోధింపబడు వేళ ప్రతి తరగతిలోను ఎవరో యొక విద్యార్థి లేచి, "అయ్యా, ఇది మాకు ఎక్కడ ఉపయోగపడును?" అని అడుగును. తక్కినవారు నవ్వుదురు. ఉపాధ్యాయునకు ఒక్కొక్కప్పుడు కోపము వచ్చును. నా యభిప్రాయములో ఆ ప్రశ్న నవ్వదగినది కాదు, కోపింపదగినదియు కాదు. ఏండ్ల తరబడి ఒక శాస్త్రమును నేర్వుమని పిల్లలను కోరునపుడు, అది ఎందులకో తెలిసికొను హక్కు వారికి కలదు. ఆ ప్రశ్నకు సాధారణముగా రెండు సమాధానములు చెప్పబడుచున్నవి. ఆ రెండును సత్యములే. కాని అవి చాలవు. ఎందులకు చాలవో, చాలునట్టి సమాధానమేదో ఇచట విచారింతము.

మొదటి సమాధానము వ్యవహారమునకు సంబంధించినది. కొనుట, అమ్ముట, అప్పు పుచ్చుకొనుట, పొలము కొలుచుట మొదలైన పనులన్నింటికి లెక్క కావలెను. ఇది మన పూర్వులు ఎఱుగని విషయము కాదు. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమను గ్రంథమును రచించి, లోకములో గణితము అవసరము లేని పని యేదియు లేదని దాని యారంభముననే ప్రశంసించెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన 11వ శతాబ్ది ప్రాంతమున తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తెలుగు సాహిత్యము ఇంకను బాల్యావస్థలో నున్న కాలముననే గణితము పద్యరూపమున వెలసినదనగా, దాని యవసరమును మనవారు ఎంత గుర్తించిరో ఊహింపవచ్చును.

ఈ యవసరము నేటికిని తగ్గలేదు. మన గ్రామములలో "రెండు రూపాయల వడ్డీ" యను మాట తఱచు వినబడుచుండును. వినుటకు అది స్వల్పముగా తోచును. దాని యర్థము నూటికి నెలకు రెండు రూపాయలు. అనగా సంవత్సరమునకు 24 శాతము. ఒక రైతు ఆ వడ్డీకి 10,000 రూపాయలు తెచ్చుకొనెననుకొందము. బారువడ్డీ లెక్కన మూడు సంవత్సరములకు అతడు తీర్పవలసిన మొత్తము 17,200 రూపాయలు. ఏటేట వడ్డీని అసలులో కలుపుచు చక్రవడ్డీ కట్టినచో ఆ మొత్తము 19,066 రూపాయల 24 పైసలగును. "బారువడ్డీయా, చక్రవడ్డీయా?" అని పత్రముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు అడుగగలిగినవాడు 1,866 రూపాయలు మిగిల్చుకొనును. అడుగలేనివాడు ఋణదాత చెప్పినదే నమ్మవలెను.

అంగడిలోను ఇట్లే జరుగును. 500 రూపాయల వస్త్రమునకు వెలను 25 శాతము పెంచి 625 రూపాయలని చీటి అంటించి, పండుగ సందర్భమున 20 శాతము తగ్గింపు అని వర్తకుడు ప్రకటించినచో, కొనువాడు చెల్లించునది సరిగా 500 రూపాయలే. 625లో 20 శాతము 125 గదా! పెంచిన శాతమును తగ్గించిన శాతమును వేర్వేఱు మొత్తములపై కట్టబడినవని తెలియనివాడు లాభము పొందితినని సంతోషించి ఇంటికి పోవును.

కావున వ్యవహార గణితమును నేను తక్కువ చేయుట లేదు. కాని ఈ ప్రయోజనము ఒక్కటే యైనచో, మీరు నేర్వవలసినది ఏడెనిమిది తరగతులతో ముగిసియుండవలెను. పైగా కూడికలు, గుణకారములు మనకంటె వేగముగా చేయు యంత్రము నేడు ప్రతి ఫోనులోను ఉన్నది. త్రిభుజముల సర్వసమానత్వమును బజారులో ఎవరును అడుగరు. అయినను ఉన్నత పాఠశాలలో దానిని ఏల బోధింపవలెను?

ఇచట రెండవ సమాధానము వచ్చును: "పరీక్షలో మార్కులు వచ్చును, తరువాత ఇంజనీరు కావచ్చును" అని. ఇదియు అసత్యము కాదు. వంతెన కట్టువానికి, ఉపగ్రహమును పంపువానికి గణితము ప్రాణము వంటిది. కాని తరగతిలోని నలుబది మందియు ఇంజనీర్లు కాబోవుట లేదు. ఒకడు సేద్యము చేయును. ఒకతె రోగులకు పరిచర్య చేయును. మఱియొకడు కవిత్వము వ్రాయును. కొందఱు ఎక్కబోవు నిచ్చెనను అందఱి భుజములపై మోయించుట న్యాయము కాదు. అయినను 1964–66 సంవత్సరములలో పనిచేసిన కొఠారీ విద్యా సంఘము, మొదటి పది సంవత్సరముల చదువులో విజ్ఞానశాస్త్రమును గణితమును బాలబాలికలందఱికిని నిర్బంధముగా బోధింపవలెనని సిఫారసు చేసెను. అవి అందఱికి కావలసిన సామాన్య విద్యలో భాగములని తలచెను. అందఱికిని కావలసినది ఆ గణితములో ఏమున్నది?

నా సమాధానమిది. కారణము లేనిదే దేనిని అంగీకరింపకుండుటయు, కారణమనగా ఏమో గుర్తించుటయు గణితము వలన అలవడును. ఇదియే దాని ప్రధాన ప్రయోజనము.

ఇతర పాఠములలో మీరు ఎన్నో విషయములను నమ్మకముపై స్వీకరింపక తప్పదు. ఒక రాజు ఫలానా సంవత్సరమున పట్టాభిషిక్తుడయ్యెనని చరిత్ర పుస్తకము చెప్పును. మీరు పోయి చూడలేరు. దూరదేశమున ఫలానా పర్వతము ఇంత ఎత్తని భూగోళము చెప్పును. మీరు పోయి కొలువలేరు. గణితములో అట్లు కాదు. అచట సత్యాసత్యములను తేల్చుటకు కావలసిన సాధనములన్నియు మీ చేతిలోనే యున్నవి. నల్లబల్లపై ఉపాధ్యాయుడు పొరపాటు చేసినచో, వెనుక బల్లపై కూర్చున్న చిన్నవాడు లేచి, "అయ్యా, ఆ మూడవ పంక్తి సరికాదు" అనవచ్చును. ఉపాధ్యాయుని వయస్సు కాని, పదవి కాని, కంఠధ్వని కాని ఆ పంక్తిని సరిచేయలేవు. సత్యమెదుట చిన్న పెద్ద భేదము లేదను పాఠము ఇంత స్పష్టముగా మఱి యెచట నేర్వగలము?

ఒక యుదాహరణము చూపెదను. గుప్పెడు చింతగింజలు తెచ్చి నేలపై పరచుడు. మొదట ఒక గింజ నుంచుడు. దానికి కుడివైపున ఒకటి, క్రింద ఒకటి, మూలను ఒకటి, మొత్తము మూడు చేర్చుడు. నాలుగు గింజల చతురస్రము ఏర్పడును. దానికి మరల కుడివైపున రెండు, క్రింద రెండు, మూలను ఒకటి, మొత్తము అయిదు చేర్చుడు. తొమ్మిది గింజల చతురస్రమగును. అనగా 1, 3 కూడిన 4. 1, 3, 5 కూడిన 9. ఇట్లే బేసి సంఖ్యలను ఒకటి మొదలుకొని వరుసగా కూడుచు పోయినచో ఎప్పుడును ఒక వర్గసంఖ్యయే వచ్చును. ఏల వచ్చును? చతురస్రము ఎంత పెద్దదైనను దానికి అంచు చేర్చుటకు కుడివైపున ఎన్ని గింజలు కావలెనో క్రిందను అన్నియే కావలెను; అవి రెండు సమాన భాగములు కావున వాని మొత్తము సరి సంఖ్య; మూలనుంచు ఒక్క గింజతో అది బేసి యగును. ఒక్కొక్క అంచు ముందటి దానికంటె రెండు గింజలు ఎక్కువ. ఇంతే కారణము. ఈ కారణము తెలిసినవాడు మొదటి నూఱు బేసి సంఖ్యల మొత్తము 10,000 అని కూడకయే చెప్పగలడు. సూత్రమును కంఠస్థము చేసినవాడును ఆ మాటయే చెప్పును. కాని మఱచినపుడు రెండవవానికి ఏమియు మిగులదు. మొదటివాడు చింతగింజల యొద్దకు పోయి దానిని మరల కనుగొనును.

కారణమునకును, అలవాటునకును గల భేదమును తెలుపు మఱియొక యుదాహరణము. ఒక సంఖ్యను దానితోనే గుణించి, ఆ లబ్ధమునకు ఆ సంఖ్యను, 41ని కూడుడు. 1తో ఆరంభించిన 43 వచ్చును, 2తో 47, 3తో 53, 4తో 61. ఇవన్నియు ప్రధాన సంఖ్యలు. ఇట్లు 39 వరకు చేసి చూచినను ప్రతిసారియు ప్రధాన సంఖ్యయే వచ్చును. ముప్పదితొమ్మిది సార్లు తప్పనిది నలువదియవసారి తప్పునా యని ఎవరికైనను తోచును. కాని 40తో చేసి చూడుడు: 1,681 వచ్చును. అది 41ని 41తో గుణింపగా వచ్చిన లబ్ధము. ప్రధాన సంఖ్య కాదు. 40ని 40తో గుణించి 40 కూడినచో 40 నలువదియొకట్లగును; దానికి 41 చేర్చిన 41 నలువదియొకట్లగును. ఇది ముందే ఆలోచించినవానికి లెక్క చేయకయే తెలిసియుండును. 18వ శతాబ్దమున ఆయిలర్ అను గణితవేత్త ఇట్టి సూత్రమును లోకము దృష్టికి తెచ్చెను. ఇది నేర్పు పాఠమేమి? పలుమార్లు నిజమైనది ఎల్లప్పుడు నిజము కానక్కఱలేదు. "నాకు తెలిసిన పదిమందియు ఇట్టివారే, కావున ఆ జాతివారందఱు ఇట్టివారే" అని తీర్పు చెప్పువారిని మీరు జీవితమున ఎందఱినో చూతురు. వారికి ఈ 41 కథ చెప్పుడు.

ఈ విషయమున మహామేధావులకును మినహాయింపు లేదు. శ్రీనివాస రామానుజన్ (1887–1920) తన ఫలితములను 1913లో కేంబ్రిడ్జిలోని హార్డీకి వ్రాసి పంపెను. హార్డీ ఆశ్చర్యపడెను, ఆశ్చర్యపడియు, వానికి ఉపపత్తులు పంపుమని కోరెను. ఆ ఫలితములలో పెక్కులు అమూల్యములని నిరూపితమైనవి. కాని ప్రధాన సంఖ్యలను గూర్చి రామానుజన్ చెప్పిన కొన్ని మాటలు సరికావని తేలినది. ఇందువలన రామానుజన్ గౌరవమునకు లోపము రాలేదు. ఉపపత్తి నడుగుట ఒకరిని అవమానించుట కాదనియు, వారి మాటను శ్రద్ధతో పరిశీలించుటయే యనియు మనము గ్రహింపవలెను.

ఇట్టి బుద్ధి పౌరునకు ఎట్లు ఉపకరించునో చూడుడు. ఒక పల్లెలో పది కుటుంబములు కలవనుకొందము. తొమ్మిది కుటుంబములకు తలా ఒక యెకరము, పదియవ కుటుంబమునకు 31 ఎకరములు భూమి కలదు. మొత్తము 40 ఎకరములు. సగటున కుటుంబమునకు నాలుగెకరములు. "ఈ పల్లెలో సగటు కుటుంబమునకు నాలుగెకరముల భూమి కలదు" అని ఒకరు సభలో చెప్పినచో అందులో అబద్ధము లేదు. కాని ఆ పల్లెలో నాలుగెకరములు గల కుటుంబము ఒక్కటియు లేదు! భాగహారము తెలిసినవాడు ఆ సగటును సరిచూడగలడు. గణితము తెలిసినవాడు, "ఆ సగటు వెనుక ఎవరెవరున్నారు?" అని అడుగును.

అడుగుటలో నెంత బలమున్నదో తెలుపు ఒక యథార్థగాథ కలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి ప్రపంచ ప్రఖ్యాత సాంఖ్యక శాస్త్రవేత్తయైన కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023) తన 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' అను గ్రంథమున దీనిని తెలిపెను. 1947లో ఢిల్లీ నగరమున మతకల్లోలములు చెలరేగినపుడు, ప్రాణభయముతో అనేకులు ఎఱ్ఱకోటలో తలదాచుకొనిరి. వారికి ఆహారము సమకూర్చు పనిని ప్రభుత్వము గుత్తేదారులకు అప్పగించెను. లోపల ఎందఱున్నారో ప్రభుత్వమునకు తెలియదు; గుత్తేదారులు పంపిన పట్టీల ప్రకారము సొమ్ము చెల్లింపవలసి వచ్చుచుండెను. ఆ జనసంఖ్యను అంచనా వేయుడని సాంఖ్యక శాస్త్రవేత్తలను కోరిరి. వారి యొద్ద నున్నవి ఆ పట్టీలు మాత్రమే: ఇంత బియ్యము, ఇంత పప్పు, ఇంత ఉప్పు. ఒక్కొక్క మనిషికి దినమునకు ఏ వస్తువు ఎంత కావలెనో వారికి తెలియును. మొత్తము బియ్యమును ఒకరికి కావలసిన బియ్యముచే భాగించిన జనసంఖ్య రావలెను. పప్పుతోను ఉప్పుతోను అట్లే చేసిరి. మూడు లెక్కలకు మూడు వేర్వేఱు సంఖ్యలు వచ్చినవి! బియ్యమును బట్టి వచ్చినది మిక్కిలి పెద్దది. ఉప్పును బట్టి వచ్చినది అన్నింటికంటె చిన్నది. వీనిలో దేనిని నమ్మవలెను?

వారు ఉప్పును నమ్మిరి. ఏలయన, బియ్యము వెలగలది. దాని లెక్కను పెంచి వ్రాసిన లాభము కలదు. ఉప్పు మిక్కిలి చౌక. దాని లెక్కను పెంచి మోసగించుటకు ఎవడును పూనుకొనడు. ఈ కథలోని లెక్క కేవలము భాగహారము. ఆఱవ తరగతి బాలుడు చేయగలడు. దానికి విలువనిచ్చినది "ఏ యంకెను ఎందులకు నమ్మవలెను?" అను విచారణ. యంత్రము మూడు భాగహారములను క్షణములో చేసి మన ముందుంచును. వానిలో ఏది నమ్మదగినదో నిర్ణయించి, ఆ నిర్ణయమునకు బాధ్యత వహింపవలసినవాడు మనుష్యుడే.

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును. "గణితము చదివినవారందఱును వివేకవంతులా? నూటికి నూఱు మార్కులు తెచ్చుకొని గాలివార్తలను నమ్మువారు లేరా?" అని. ఉన్నారు, దానిని నేను ఒప్పుకొందును. గణితము మంత్రము కాదు. సూత్రములను వల్లించి, మాదిరి లెక్కలను చూచి, అంకెలు మార్చి వ్రాసినంత మాత్రమున వివేచన పుట్టదు. అట్టి చదువు వలన మార్కులు వచ్చును, గణితము రాదు. ఈతకు సంబంధించిన పుస్తకమును కంఠస్థము చేసినవాడు ఏటిలో మునిగినచో, తప్పు నీటిది కాదు.

కావున బోధన మారవలెను. సమాధానము సరియైనంతనే ముందునకు సాగిపోక, "ఏల?" అని ఉపాధ్యాయుడు అడుగవలెను. తప్పును అపరాధముగా చూడరాదు. మీలో చాలమంది a, b ల మొత్తము యొక్క వర్గము a వర్గమునకు b వర్గమును కూడినంత యని ఎప్పుడో ఒకప్పుడు వ్రాసియుందురు. దానిని ఎఱ్ఱసిరాతో కొట్టివేసి దండించుట వలన ఫలమేమి? 3, 4 తీసికొని సరిచూడుడు. వాని మొత్తము 7. దాని వర్గము 49. కాని 3 వర్గము 9, 4 వర్గము 16, మొత్తము 25 మాత్రమే. ఇంకను 24 కావలెను. ఏడు బారల పొడవు, ఏడు బారల వెడల్పు గల మడిని గీచి, రెండు వైపులను 3, 4 బారలుగా విభజించి చూచినచో, రెండు చతురస్రపు మడులే కాక, మూడు బారల వెడల్పు నాలుగు బారల పొడవు గల మడులు రెండు కనబడును. ఆ 24 అచటనే యున్నది! తన తప్పును తానే ఇట్లు కనుగొన్న విద్యార్థి ఒక సూత్రమునే కాదు, తన్ను తాను దిద్దుకొను విద్యను నేర్చుకొనెను.

"నాకు లెక్కలు రావు" అను మాటను గూర్చియు ఒక మాట చెప్పవలెను. ఆ మాట నలుగురిలో అనుట తేలిక. దాని వలని నష్టము పెద్దది. ఒక పద్యము రానివాడు ఆ పద్యముననే కోల్పోవును. కారణమడుగుట మానుకొన్నవాడు జీవితాంతము ఇతరుల లెక్కపై ఆధారపడవలెను. ఆ మాటను ఆడపిల్లల విషయమున పెద్దలే యనుట మఱింత అన్యాయము. "ఆడపిల్లకు లెక్కలెందులకు?" అని పలికిన యిండ్లలోనే పాలలెక్క, చీటీలెక్క, నెల ఖర్చు చూచుచున్నది స్త్రీలు కాదా? 2014లో ఇరాను దేశపు మహిళ మరియం మీర్జాఖానీ గణితశాస్త్రమున అత్యున్నతమైన ఫీల్డ్స్ పతకమును పొందెను. అంతవరకు ఆ పతకము ఏ మహిళకును లభింపకుండుటకు కారణము బుద్ధిలోపము కాదు. ఎందఱో బాలికలకు తలుపు తెఱువబడకపోవుటయే ముఖ్య కారణమని నా నమ్మకము.

విద్యార్థులారా! గణితమున మీకు కష్టము కలుగునని నేను దాచను. ఒక్క లెక్కతో ఒక సాయంకాలమంతయు గడచిపోవచ్చును. కాని ఎవరును చెప్పకయే అది తేలినపుడు కలుగు సంతోషము ఇతరులు ఇచ్చినది కాదు. కావున ఇతరులు తీసికొనలేరు. రేపు తరగతిలో మీలో నొకరు, "ఇది ఎక్కడ ఉపయోగపడును?" అని అడుగుడు, తప్పులేదు. ఆ వెంటనే, "ఇది ఏల నిజము?" అనియు అడుగుడు. ఆ రెండవ ప్రశ్న అడుగుట మీకు అలవాటైనచో, ఋణపత్రము ముందైనను, అంగడిలోనైనను, సభలోనైనను అది మీ నోట తనంత తానే వచ్చును. ఆ యలవాటు కొఱకే ఉన్నత పాఠశాలలో గణితమును బోధింపవలెనని నా యభిప్రాయము.